రాలిన ఆకును ఊడ్పించిన కణితి

ఈ కథ మొదట చెప్పింది తేనె తీసే మల్లెల ఈదన్న. ఆయన చెప్పినట్టే చెప్పాలి.

నీరుగట్ల అడవిలో కణితులు, అడవిపందులు, నెమళ్ళు, కొండముచ్చులు, ఒక ముసలి ముళ్ళపంది ఉండేవి. వాటన్నిటికీ పెద్ద ఒక మగ కణితి. కణితి అంటే దుప్పుల జాతిలో అన్నిటికన్నా పెద్దది. జింక అని చెప్పేవాళ్ళున్నారు. జింక కాదు, కణితి.

ఆ అడవి మట్టిలో సన్నజీవాలు కూడా ఉండేవి. అవి కంటికి ఆనవు. చిటికెడు మట్టి తీస్తే అందులో లక్షలుంటాయి. వాటిని ఎవరూ లెక్కచేసేవారు కాదు.

కణితికి తన కొమ్ములంటే ప్రాణం. ఏటా ఎండలు ముదిరేసరికి అవి రాలిపోయి, మళ్ళీ కొత్తవి మొలిచేవి. ఒక ఏడు రాలిన కొమ్మును ముళ్ళపంది కరకరా కొరుక్కు తింటుంటే కణితి చూసింది.

"ఓసీ ముళ్ళదానా! నా కొమ్మునే తింటావా?"

"రాలింది కాబట్టి తిన్నాను పెద్దయ్యా. నీ నెత్తిమీదుండగా కొరికానా?"

నెమళ్ళు కిసుక్కున నవ్వాయి. ఆ నవ్వు కణితి గుండెలో ముల్లులా దిగింది. ఆ రోజు నుంచి ముళ్ళపంది ఉండే కొండవాలు వైపు అది తల కూడా తిప్పలేదు.

మర్నాడే అందరినీ పిలిచింది.

"రాలినదేదైనా మురికే. రేపటి నుంచి ఈ అడవిలో ఒక్క ఎండుటాకు కూడా నా కంట పడకూడదు."

ఇక చూడండి. అడవిపందులు మూతులతో ఆకులు నెట్టాయి. నెమళ్ళు తోకలతో ఊడ్చాయి. కొండముచ్చులు చేతులనిండా ఎత్తుకెళ్ళి వాగులో పారేశాయి. కణితి వెనకే తిరిగింది.

"ఆ రాయి పక్కన ఒకటుంది. కళ్ళు లేవా?"

"అది ఆకు కాదు పెద్దయ్యా, సీతాకోకచిలుక."

"అయితే ఎగరమను!"

ముళ్ళపంది గబగబా వచ్చింది. "పెద్దయ్యా, ఆకు తీసేస్తే మన్ను పస్తుంటుంది."

"మన్నుకు ఆకలేమిటి? నా ఎదుటికి రాకు, పో!"

అది తన వాలుకు పోయింది. కణితి అటువైపు చూడదు కనుక ఆ వాలు ఒక్కటే ఊడవలేదు.

మొదటి ఏడు ఏమీ తెలియలేదు. "చూశారా, అడవి అద్దంలా ఉంది!" అని కణితి మురిసిపోయింది. రెండో ఏడు పచ్చిక పలచబడింది. మూడో ఏడు కురిసిన వాన, బండ మీద పడ్డట్టు జారి వాగులో కలిసింది. మొలిచిన కాస్త గడ్డీ పసుపుపచ్చగా మొలిచింది. కణితి కొమ్ములు కూడా జానెడే వచ్చాయి.

ఆ ఏడే దాని భార్య ఒక కూనను ఈనింది. మేత లేదు, పాలు పడలేదు. కూన నాలుగు కాళ్ళ మీద నిలబడలేక కూలబడుతోంది.

"అడవి అద్దంలా ఉందన్నావుగా," అంది ఆడకణితి. "ఇప్పుడు అద్దం మేయమంటావా? ముళ్ళపంది వాలు మీద మోకాలెత్తు పచ్చిక ఉందట. బిడ్డను తీసుకుని పోతున్నా."

"దాని దగ్గరికా? నా పరువేం కావాలి?"

"నీ పరువు బిడ్డకు పాలు ఇస్తుందా?"

అది కూనను మూతితో నెట్టుకుంటూ వెళ్ళిపోయింది. కణితి ఒంటరిగా మిగిలింది. మూడుసార్లు వాలు దాకా వెళ్ళింది. మూడుసార్లూ వెనక్కి వచ్చింది. నాలుగోసారి దూరం నుంచి కూన పాలు తాగుతున్న చప్పుడు వినిపించింది. ఇక కాళ్ళు ఆగలేదు.

"రా పెద్దయ్యా," అంది ముళ్ళపంది. "కొమ్ములు పొట్టివయ్యాయేం?"

కణితి ఆ మాట మింగేసింది. "అక్కడా ఇక్కడా వాన ఒకటే. ఇక్కడే ఎందుకింత పచ్చగా ఉంది?"

"నన్నడగకు. తల నేలకు దించి, వాళ్ళనడుగు."

కణితి ఎన్నడూ ఎవరి ముందూ తల దించలేదు. ఆ రోజు దించింది. తడి మన్ను వాసన కమ్మగా తగిలింది. లోపలి నుంచి సన్నని గొంతులు వినిపించాయి.

"మెల్లగా పెద్దయ్యా! నీ ముక్కు మా ఊరంత ఉంది!"

"ఎవరు మీరు?"

"రాలిన ఆకు తినేవాళ్ళం. ఆకు మాకు అన్నం. తిన్నదాంట్లో కొంత మా ఊపిరై గాలిలో కలుస్తుంది. ఆ గాలినే చెట్లు పీల్చి, ఎండలో మళ్ళీ ఆకు చేసుకుంటాయి. కొంత నల్లగా మన్నులోనే ఉండిపోతుంది. వాన నీటిని పట్టి ఉంచేది అదే. ఆకులో ఉన్న నత్రజనిని విడదీసి వేళ్ళకు అందిస్తాం. అది అందితేనే గడ్డి పచ్చన."

కానుగ వేరు దగ్గర నుంచి ఇంకో గుంపు అరిచింది. "మా మాట కూడా చెప్పండి! మేం వేళ్ళ బుడిపెల్లో ఉంటాం. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి చెట్టుకు పెడతాం. చెట్టు మాకు తీపి పెడుతుంది."

"మరి మా వైపున్న మీవాళ్ళు?" అంది కణితి.

"కొందరు ఎండకు పోయారు. మిగిలినవాళ్ళు పస్తులున్నారు. మూడేళ్ళు నువ్వు వాగులో పోయించింది చెత్త కాదు, మా అన్నం. మా అన్నమే నీ పచ్చిక. నీ పచ్చికే నీ కూన పాలు."

కణితి దించిన తల ఎత్తకుండానే ముళ్ళపంది వైపు తిరిగింది. "ముళ్ళపందమ్మా, నాది తప్పు," అంది.

"ఆ ముక్క ముందే అనుంటే ఇంత నడక తప్పేది," అంది ముళ్ళపంది. "సరే, పద. రాలిన ఆకును రాలినచోటే ఉండనీ. ఇక్కడి మన్ను కొంచెం కొంచెం తీసుకెళ్ళి ఆ ఆకు కింద పెట్టండి. ఆపైన తొందరపడకండి."

అడవికి పండగొచ్చినట్టయింది. పందులు వాలు బురదలో దొర్లి, ఇంటికొచ్చి ఒళ్ళు దులుపుకున్నాయి. కొండముచ్చులు దోసిళ్ళతో మన్ను మోశాయి. కణితి తన పొట్టి కొమ్ముల మీద మట్టిగడ్డ పెట్టుకుని, పడిపోకుండా మెల్లగా నడిచింది. చెట్టు నుంచి ఆకు రాలినప్పుడల్లా పిల్లలన్నీ "ఇదిగో ఇంకొకటి!" అని గంతులేశాయి.

మరుసటి వానకు కాస్త పచ్చదనం కనిపించింది. ఆపై వానకు గొడుగుల్లా పుట్టగొడుగులు లేచాయి. ఎండుటాకుల సందుల్లోంచి ముదురాకుపచ్చ గడ్డి పొడుచుకొచ్చింది. ఎదిగిన కూన ఆ గడ్డిలో దూకి, కాలు జారి, లేచి మళ్ళీ దూకింది.

"పెద్దయ్య దయవల్ల అడవి పచ్చబడింది!" అని కొండముచ్చులు కొమ్మల మీద చిందులేశాయి.

కణితి కాలితో నేలను తట్టింది. "నోళ్ళు మూయండి. నేను చేసింది పాడు చేయడమే. బాగు చేసింది ఈ కిందివాళ్ళు."

కణితి అంత స్పష్టంగా చెప్పినా, వాగు అవతలి ఊళ్ళలో ఇప్పటికీ కణితే అడవిని బతికించిందని కథ చెబుతున్నారు. అలా చెప్పేవాళ్ళు ఎదురైతే, ఎంత పెద్దవాళ్ళైనా సరే, ఆపి సరిచేయండి. మట్టిలోని సన్నజీవాల పేరు ముందు చెప్పించండి.

నీతి: కంటికి ఆనని వాళ్ళ కూడు పారబోసినవాడు తన బిడ్డ కూడే పారబోసుకుంటాడు, తప్పు తెలిసి తల దించినవాడి ఇల్లు మళ్ళీ పచ్చబడుతుంది.