పిగిలిపిట్ట బాగుందంది

అనగనగా ఒక అడవిలో, వాగు ఇవతలి ఒడ్డున, ఒక పిగిలిపిట్ట ఉండేది. ఒరే, ముందు ఆ ఫోను కింద పెట్టరా. ఏంటీ, ఊరికే వచ్చిన ఆటా? అయితే మరీ మంచిది. నేను చెప్పబోయేది కూడా ఊరికే వచ్చిన ఆట కథే. దగ్గరికి జరిగి కూర్చోండి.

ఆ పిగిలిపిట్టని అడవిలో అందరూ రుచిపెద్ద అనేవారు. అడవిలో కొత్త పండు ఏది కనబడినా ముందు అదే తినాలి. తిన్నాక మర్నాడు పొద్దుగూకేదాకా నోరు విప్పకూడదు. కొన్ని విషాలు మెల్లగా ఎక్కుతాయి కదా, అందుకని పెద్దవాళ్లు పెట్టిన కట్టుబాటు అది. గడువు దాటాక పిట్ట మద్దిచెట్టు కొమ్మ మీద కూర్చుని "బాగుంది" అంటే అందరూ తినేవారు. "వద్దు" అంటే ఎవరూ ముట్టుకునేవారు కాదు. దాని మాట మీద అంత నమ్మకం.

ఒక ఎండాకాలం గండప్ప అనే కొండముచ్చు వాగు పక్కన ఒక ఆట పెట్టాడు. "రండి, ఊరికే ఆడండి! ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు!" అని చెట్టుచెట్టుకీ తిరిగి అరిచాడు.

ఆట నిజంగానే బాగుండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ముందు ఒక తాబేలు కూర్చోబెట్టి ఏదో రాజుల కథ చెప్పేది. అది అయ్యాక తలా కాస్త నేల ఇచ్చేవారు. చీల్చిన వెదుళ్లు ఒకదానికొకటి కలిపి వాగునీళ్లు తెచ్చుకోవాలి. నీళ్లు పడితే చక్రం తిరుగుతుంది. చక్రం తిరిగితే రోకలి లేచి పడి బంకమట్టిని దంచుతుంది. అటునుంచి మట్టిబిళ్లలు టపటపా రాలతాయి. ఎవరి కార్ఖానా వాళ్లదే, ఎంత పెద్దదైనా కట్టుకోవచ్చు.

కానీ ప్రతి చక్రం మీదా ఒక కాపలా బొమ్మ కూర్చోవాలి. బొమ్మ లేకపోతే గండప్ప వచ్చి చక్రానికి పుల్ల అడ్డం పెట్టేసేవాడు. ఆ బొమ్మలేమో మూసిన చిప్పల్లో ఉండేవి. కుండలో చెయ్యి పెట్టి ఒక చిప్ప తీసుకోవాలి. లోపల ఏముందో దేవుడికే తెలియాలి. మొదటి చిప్ప ఊరికే. ఆ తర్వాత చిప్పకి దోసెడు గింజలు. ఎప్పుడు తీసినా మట్టికప్పే వచ్చేది, ఎప్పుడో గానీ పసుపుచారల పులి వచ్చేది కాదు. చిన్నచక్రానికి కప్ప చాలు. పెద్దచక్రానికి పులే కావాలి.

గండప్ప ముందుగా పిగిలిపిట్టనే పిలిచాడు. "మీరు చెబితేనే అందరూ వస్తారు, రుచిపెద్దగారూ. మీ దగ్గర గింజలు తీసుకుంటానా? ఇదిగో" అని బుట్టెడు చిప్పలు ముందు పెట్టాడు.

పిట్ట బుట్టంతా విప్పింది. అన్నీ కప్పలే. అడుగున మాత్రం ఒక పులి! పెద్దచక్రం గిర్రున తిరిగింది. పిట్ట సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

ఈలోపు చిలక "బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నాయో!" అని చాటేసింది. ఏదుపంది "కాలవల పని అమోఘం" అంది. కాకి "ఆ తాబేలు కథ మరీ సాగదీతమ్మా, నాకు కునుకు పట్టింది" అని మొహం చిట్లించింది. అందరూ అన్నీ చెప్పారు గానీ చిప్పల మాట ఒక్కరూ ఎత్తలేదు.

తనకంటే ముందు అందరూ మాట్లాడేస్తున్నారని పిట్టకి ఉక్రోషం వచ్చింది. కట్టుబాటు గుర్తులేక కాదు. ఇదేమన్నా పండా, ఆటేగా అనుకుంది. అదే పూట మద్దికొమ్మ ఎక్కి, "బాగుంది! కాలవలు మరీ బాగున్నాయి!" అని కూసింది.

ఆ కూత చారమ్మ విన్నది. చారమ్మ అంటే ఉడుత. మొగుణ్ణి డేగ ఎత్తుకుపోయింది. ముగ్గురు పిల్లలు, అందరిలోకీ చిన్నది చిట్టి. ముసురు పడితే బయట మెతుకు దొరకదని తొర్రనిండా సారపప్పు, ఇప్పగింజలు, చింతగింజలు దాచుకుంది.

రుచిపెద్దే బాగుందన్నాక ఇంకేం భయం? పిల్లల్ని తీసుకుని వెళ్లింది. చారమ్మ పనిమంతురాలు. అది కట్టిన కాలవల్లో ఒక్క చుక్క కారేది కాదు. బిళ్లలు రాలుతుంటే చిట్టి చప్పట్లు కొట్టి గెంతేది. ఆ గెంతులు చూసి చారమ్మ పెద్దచక్రం కూడా కట్టింది. కట్టాక పులి కావాలిగా మరి!

సారపప్పు తెచ్చి పోసింది. కప్పలు వచ్చాయి. ఇప్పగింజలు తెచ్చి పోసింది. మళ్లీ కప్పలే. ఇక చింతగింజలు మిగిలాయి. అప్పుడు భయం వేసి పిగిలిపిట్ట దగ్గరికి పరిగెత్తింది.

"అన్నా, నాకు కప్పలే వస్తున్నాయి. తొర్ర ఖాళీ అయిపోతోంది. నీకు పులి ఎలా వచ్చింది? నన్ను ఆపేయమంటావా?"

పిట్టకి ఆ బుట్ట గుర్తొచ్చింది. నాకు ఊరికే ఇచ్చాడమ్మా, నువ్వు ఆపేయ్ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ అంటే పరువేం కావాలి? రేపటినుంచి రుచిపెద్ద అని ఎవరు పిలుస్తారు?

"వస్తుందిలేమ్మా, నాకు వచ్చిందిగా" అంది.

నాకైతే ఆ పిట్టని నిలబెట్టి కడిగిపారేయాలనిపిస్తుంది. ఏం లాభం! చారమ్మ వెళ్లి చింతగింజలు కూడా పోసేసింది. మట్టికప్పే వచ్చింది.

ముసురు పట్టింది. వాగు పొంగి చక్రాలూ వెదుళ్లూ అన్నీ కొట్టుకుపోయాయి. గండప్ప గింజల మూటలతో ఎప్పుడో కొండ ఎక్కేశాడు. తొర్రలో తల్లీపిల్లలూ, మట్టికప్పలూ మిగిలారు.

"అమ్మా, ఆకలి" అని చిట్టి మొదట ఏడ్చింది. తర్వాత మూలిగింది. తర్వాత ఒక మట్టికప్పని నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ పడుకుంది. వాన వెలిసేసరికి చారమ్మకి ఇద్దరే పిల్లలు.

సంగతి తెలిసి పిగిలిపిట్ట మేడిపండు ముక్కున కరుచుకుని వచ్చింది. పండు తొర్ర ముందు పెట్టి, "నాకు బుట్టెడు చిప్పలు ఊరికే ఇచ్చాడు చారమ్మా. నేనొక్క గింజ కూడా పెట్టలేదు" అని ఏడ్చింది.

చారమ్మ తొర్రలోంచి తల బయటపెట్టింది. "ఆ మాట అడిగిన రోజు చెప్పి ఉంటే నా చిట్టి ఉండేది కదన్నా" అంది. "పండు అక్కడ పెట్టి వెళ్లు. పిల్లలు తింటారు. నువ్వు మాత్రం నా కంటికి కనబడకు."

పిట్ట అక్కడినుంచి కొండ అవతలికి ఎగిరింది. గండప్ప అక్కడ మళ్లీ ఆట పెట్టాడని విన్నది. వెళ్లి చూస్తే కుండ ముందు పెద్ద వరస. వీపున గింజల మూట, వెంట పిల్లలతో ఒక కుందేలు నిలబడి ఉంది.

"వద్దు! ఆడకండి! గింజలన్నీ పోతాయి!" అని పిట్ట గొంతు చించుకుంది.

కుందేలు విసుక్కుంది. "ఎవరు నువ్వు, అపశకునంలా? వాగు అవతల రుచిపెద్ద అని ఒక పిగిలిపిట్ట ఉందట. అది బాగుందంది. అంతటివాళ్ల మాట కాదని నీ మాట వినాలా?"

"ఆ పిగిలిపిట్టని నేనేనమ్మా!"

కుందేలు దాన్ని ఎగాదిగా చూసి నవ్వింది. రేగిన ఈకలు, బొంగురు గొంతు. "చాల్లే, జరుగు. మా వరస పోతుంది" అంది.

పిల్లల్ని ముందుకి తోసుకుంటూ వెళ్లి, మూట విప్పి, కుండలో చెయ్యి పెట్టింది.

నీతి: నీ మాట నమ్మి నలుగురు నడుస్తారని తెలిసినప్పుడు, నీకు ఊరికే దక్కిన సంగతి దాచిపెట్టి దేన్నీ మెచ్చుకోకు. ఆలస్యంగా చెప్పిన నిజం, ముందు చెప్పిన మెప్పుని ఎప్పటికీ అందుకోలేదు.