నవాబు గాలిపటం, మూసా షా చరఖా

అమీన్‌కొండ నవాబు ఫర్హతుల్లా ఖాన్‌కి ఆ రోజు కాలు ఒకచోట నిలవడం లేదు. సాయంత్రం దర్బారులో ఇంగ్లీషువాళ్ల ఒప్పందం మీద మొహరు వెయ్యాలి. వేస్తే సరిహద్దులో ఊళ్లు తగలబెడుతున్న దోపిడీ దండుల బాధ తీరిపోతుంది. వాళ్ల ప్రతినిధి, రెసిడెంటు మెర్టన్ దొర, తన పటాలంతో వచ్చి ఏటి అవతల బంగళాలో మకాం పెడతాడు. ఇక సంస్థానం రక్షణ ఆయన పూచీ.

అంతా బాగానే ఉంది. ఒక్క మాట మాత్రం నిన్నటి నుంచి చెవిలో జోరీగలా తిరుగుతోంది. అది ఖిలేదారు బసాలత్ బేగ్ అన్న మాట. బేగ్ కోటకీ సైన్యానికీ పెద్ద, నవాబు తండ్రి కాలం మనిషి. అడ్డు చెప్పనిదే ఆయనకి అన్నం సయించదు. ఒప్పందం ప్రకారం ఆయన సిపాయిలందరూ ఇళ్లకి పోవాలి.

"మరి మనకేం మిగులుతుంది హుజూర్?" అన్నాడు బేగ్ నిండు కొలువులో. "సరే, వేసెయ్యండి మొహరు. నేను మిద్దెక్కి గాలిపటాలు ఎగరేసుకుంటాను."

కొలువంతా నవ్వింది. నవాబూ నవ్వాడు. కానీ నిద్ర పట్టలేదు. అందుకే మధ్యాహ్నం నమాజు కాగానే పల్లకీ ఎక్కి గురువు మూసా షా దగ్గరికి వచ్చాడు. దర్గా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు. వెనకాల పాలసోదరుడు సికందర్ రొప్పుతూ వచ్చాడు.

"వినండి హజ్రత్," అంటూ నవాబు ఊపిరైనా తీసుకోకుండా వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "గద్దె నాది. శిస్తు నాది. మసీదులు, గుళ్లు, న్యాయం, నాణెం, అన్నీ నావే. రెసిడెంటు దొర వాటి జోలికి రాడు. ఊరికే సలహా చెబుతాడు. సైన్యం, బయటి రాజులతో ఉత్తరాలు, ఈ రెండే ఆయన చూసుకునేది. రెండూ తలనొప్పులే. ఇందులో నాకు పోయేదేముంది?"

మూసా షా తల పైకెత్తి చూశాడు.

"గాలి బాగుంది," అన్నాడు.

"హజ్రత్?"

"పడమటి గాలి. ఇలాంటి రోజున పటం లేకుండా ఇల్లు కదిలే మనిషివి కావు నువ్వు. తెచ్చావా?"

సికందర్ వీపు మీద సంచీ ఉండనే ఉంది. నవాబుకి గాలిపటం మాట వినబడితే ఒప్పందాలూ దండులూ ఏవీ గుర్తుండవు. పైగా మూసా షా వయసులో ఉన్నప్పుడు ఆయన పటాన్ని కోసినవాడు లేడని ఊరంతా చెప్పుకుంటుంది. ముగ్గురూ మిద్దె ఎక్కారు.

ఎదుటి వీధిలో తన ఇంటి మిద్దె మీద బేగ్ అన్నంత పనీ చేస్తున్నాడు. ఆయన నల్లపటం పొద్దుటి నుంచి సగం ఊరి పటాలు కోసి పారేసింది.

"హుజూర్ వచ్చారా," అని కేకేశాడు అక్కణ్ణుంచి. "రండి, రండి. కోట ఎలాగూ పోతోంది, ఆకాశమైనా పంచుకుందాం."

"ఆకాశం కూడా పోతుంది, చూస్తూ ఉండండి," అన్నాడు నవాబు, ఆకుపచ్చ పటానికి దారం ముడివేస్తూ.

సికందర్ దారపు చరఖా పట్టుకుని అలవాటుగా వెనక నిలబడ్డాడు. మూసా షా చెయ్యి చాపాడు.

"ఇలా తే."

నవాబు సిగ్గుపడిపోయాడు. "మీరా? వెనక నిలబడే పని హజ్రత్ అది."

"అందుకే నేను చేస్తానంటున్నాను. నీకెందుకా బరువు? పటం నీది. రంగు నీది. ఎవరితో తలపడతావో నీ ఇష్టం. నేను దారం మాత్రం చూసుకుంటాను."

గురువే చరఖా పట్టడం! నవాబుకి గుండె ఉప్పొంగింది. పటం ఒక్క ఊపులో మినారు దాటింది. "ఢీల్," అన్నాడో లేదో, దారం జలజలా జారింది. ఇంకో ఊపు. ఇంకా పైకి. ఊరు చిన్నదైపోయింది. బజార్లో జనం తలలెత్తి "నవాబు పటం, నవాబు పటం" అని కేకలు పెడుతున్నారు.

బేగ్ నల్లపటం కింద నుంచి దొంగలా వచ్చింది. నవాబుకి అది కనబడేలోపే మూసా షా గబగబా దారం చుట్టేశాడు. ఆకుపచ్చ పటం వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

"హజ్రత్, మీరుండగా నన్ను కోసేవాడు లేడు," అన్నాడు నవాబు వెనక్కి తిరగకుండానే.

దూరంగా జనానా మిద్దె మీద ఒక పసుపుపచ్చ పటం నెమ్మదిగా తేలుతోంది. అది మేనత్త ఖైరున్నీసాది. తల్లి పోయాక ఆమే నవాబుని పెంచింది. ఉన్నట్టుండి అతని వేళ్ల మధ్య దారం సర్రున జారింది. అతను అడగలేదు. ఆకుపచ్చ పటం వాలుగా పోయి పసుపు పటం మీద పడింది. గాజుపొడి పట్టించిన మాంజా మాంజాని కోసింది. పసుపు పటం తెగి తాటితోపు మీదికి పోయింది.

బజారంతా ఈలలు.

"హజ్రత్, అది అత్త పటం. ఆమెతో నాకేం తగవు?"

"మన వైపు వస్తోంది. ఇవాళ కాకపోతే రేపైనా ఇబ్బందే."

జనానా మిద్దె నుంచి గొంతు వినబడింది. "నా చేతి ముద్దలు తిన్నవాడివి ఫర్హత్. బాగా కోశావు. ఇంకోసారి నా గడప తొక్కు, చెబుతాను."

నేను కాదత్తా అందామనుకున్నాడు. కానీ దారం ఉన్నది అతని చేతిలోనే. అతని వేలే తెగి నెత్తురు వస్తోంది. ఊరంతా చూస్తూనే ఉంది.

ఇంతలో నల్లపటం మళ్లీ వచ్చింది. ఈసారి పైనుంచి, డేగలా. దీనికి పైఎత్తు నవాబుకి తెలుసు. దారం ఒక్కసారిగా వదిలితే పటం కిందికి జారి, పక్కకి తిరిగి, బేగ్ దారాన్ని అడుగు నుంచి కోస్తుంది.

"ఢీల్ ఇవ్వండి."

చరఖా తిరగలేదు.

"హజ్రత్, ఢీల్."

"ఇప్పుడు వద్దు బేటా. అటు గాలి నీకు మంచిది కాదు."

"గాలి సంగతి నాకు తెలుసు. ఇవ్వండి."

"నీ మేలు కోరే చెబుతున్నాను. ఇది సలహా."

"సలహా కాదు, దారం కావాలి నాకు."

"అడిగావుగా. ఆలోచిస్తాను."

దారం వీణ తీగలా బిగిసిపోయింది. టప్పున తెగింది. ఆకుపచ్చ పటం తలకిందులై, చెరువు దాటి, కనుచూపు మేర దాటి పోయింది. ఎదుటి మిద్దె మీద బేగ్ గంతులు వేస్తున్నాడు, ఆ వయసులో.

నవాబు అప్పుడు వెనక్కి తిరిగాడు. మిద్దె ఎక్కిన తరవాత అతను వెనక్కి చూడటం అదే మొదటిసారి. మూసా షా తాపీగా కూర్చుని ఉన్నాడు, చరఖా ఒళ్లో పెట్టుకుని.

"గెలిచేవాణ్ణి," అన్నాడు నవాబు. "సికందర్ పట్టుకుని ఉంటే గెలిచేవాణ్ణి."

"వీడా?" మూసా షా సికందర్ని ఎగాదిగా చూశాడు. "వీడు దారం చిక్కులు పెడతాడు. చరఖా కింద పడేస్తాడు. ఆకాశంలో పటం ఉండగా వీధిలో మేకని చూస్తాడు."

సికందర్ తల గోక్కున్నాడు.

"అయితే ఏం," అన్నాడు నవాబు కోపంగా. "వాడు నేను అడిగితే వదులుతాడు. నేను అడిగినప్పుడే..."

ఆగిపోయాడు.

మూసా షా లేచి చరఖా సికందర్ చేతిలో పెట్టాడు. "మాంజా బాగా నూరారు," అన్నాడు. "ఎవరు నూరారో గానీ." మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నవాబు కిందికి వచ్చేసరికి వెండి బెత్తం పట్టుకుని చోబుదారు ఎదురుచూస్తున్నాడు.

"మెర్టన్ దొర దర్బారుకి వచ్చేశారు హుజూర్. ఒప్పందం బల్ల మీద పరిచారు. మొహరు కూడా సిద్ధం చేయించారు."

నవాబు పల్లకీ ఎక్కాడు. బోయీలు పల్లకీని భుజానికెత్తి దర్బారు వైపు తిరిగారు.

"అటు కాదు," అన్నాడు నవాబు. "ఖిలేదారు ఇంటికి."