పండితుడు కత్తిరించిన నాటకం

పూర్వం ఒక రాజధానిలో ఓబుళమ్మ అనే ఆవిడ చిన్న నాటకశాల నడిపేది. సముద్రంలో తప్పిపోయిన రాకుమారి కథను చెప్పే పాత నవలంటే ఆ ఊరివాళ్లకు ప్రాణం. దాన్ని ఓబుళమ్మ నాటకంగా వేస్తోందని తెలిసి జనం ఉప్పొంగిపోయారు. నటులకైతే కాలు ఒకచోట నిలవలేదు.

నాటకం రోజు పొద్దున్నే ఆస్థాన పండితుడు సోమయాజులు ఊడిపడ్డాడు. "అంత గొప్ప గ్రంథాన్ని కుదిస్తావా? ఒక్క మాట తీసినా నాటకం ఆపిస్తాను!" అన్నాడు.

నటుల ముఖాలు వాడిపోయాయి. ఓబుళమ్మ చేతులు జోడించింది.

"అలాగే అయ్యగారూ! గ్రంథం మొత్తం చదివిస్తాను. ఒక్క మాటా జారిపోకుండా మీరే వినాలి."

పండితుడు దర్జాగా కూర్చున్నాడు. చదువుతుంటే, రాకుమారి ఓడెక్కిన చోట ముందుకు వంగాడు. తుఫాను వస్తే "అయ్యో!" అన్నాడు. ఓడ కొయ్యల వర్ణన రాగానే గురక పెట్టాడు.

ఓబుళమ్మ గంట కొట్టించింది. "నిద్రలో మీకు చాలా మాటలు జారిపోయాయి. మళ్లీ మొదటినుంచి చదివిస్తానుండండి."

మళ్లీ కొయ్యల దగ్గరే ఆయన కళ్లు మూతపడ్డాయి. మళ్లీ గంట మోగింది.

"తల్లీ, ఆ కొయ్యల గోల తీసెయ్!" అని పండితుడు మొత్తుకున్నాడు.

"నేనెక్కడ తీశానండీ? మీరు నిద్రపోయి తీసేశారు. మీరు మేలుకొని విన్నదే మేం ఆడతాం."

సోమయాజులు కాదనలేక నవ్వేసి, తనకు కునుకు పట్టిన చోట్లన్నీ తీసేయమంటూ మిగతా గ్రంథం విన్నాడు.

సాయంత్రం నాటకశాల కిక్కిరిసిపోయింది. చోటు చాలక కుర్రకారు కిటికీలెక్కారు. రాకుమారి ఒడ్డు చేరేదాకా ఒక్కరూ రెప్ప వాల్చలేదు, సోమయాజులుతో సహా.