‘రా’ అనని రాకుమారుడు

అందరూ దగ్గరగా కూర్చున్నారా? చందనపురాన్ని ఏలే రాజొకాయన ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు సుగాత్రుడికి పక్క దేశపు రాకుమారి కువలయతో పెళ్ళి కుదిరింది. లగ్నం పెట్టుకున్నారో లేదో, ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఆ పిల్లని ఏడు సముద్రాల అవతలి దీవికి ఎత్తుకుపోయాడు.

వాడిదో పాడు మంత్రం. దాని వల్ల కువలయ తన భాషలోని మాటలన్నీ కొద్దికొద్దిగా మరిచిపోతోంది. ఆఖరి మాట కూడా మరిచిపోయిందా, ఇక ఆమెని ఎవరూ వెనక్కి తేలేరు. వాడే పెళ్ళాడేస్తాడు.

పెద్దన్న వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపన్న వెళ్ళాడు, తిరిగి రాలేదు. "నేను వెళ్తా నాన్నా" అన్నాడు సుగాత్రుడు. "నాకిక మిగిలింది నువ్వొక్కడివేరా!" అని రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గానీ, ఆపలేదు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు గాలానికి చిక్కుకుని గిలగిల్లాడుతోంది. సుగాత్రుడు మెల్లగా గాలం ఊడదీశాడు. "నా వీపెక్కు నాయనా, ఏడు సముద్రాలూ దాటిస్తా" అంది తాబేలవ్వ.

దారిలో ఒక దీవి. ఒడ్డున చిన్నపిల్ల కనిపిస్తే నవ్వుతూ "రా" అన్నాడు. ఆ పిల్ల పరిగెత్తుకెళ్ళి చిప్పనిండా నిప్పులు తెచ్చింది. అక్కడ రా అంటే నిప్పు! రెండో దీవిలో "రా తాతా" అన్నాడో లేదో, ఊరంతా కర్రలు పట్టుకుని వెంటపడింది. అక్కడ రా అంటే దొంగ! మూడో దీవిలో "రా అక్కా" అంటే ఆవిడ గంపెడు ఉప్పు తెచ్చి కుమ్మరించింది. అక్కడ రా అంటే ఉప్పట!

తాబేలవ్వ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "ఇంకా పిలుస్తావా?"

"బుద్ధొచ్చింది అవ్వా. ఇకమీద ముందు చూస్తా, తరవాతే నోరు తెరుస్తా."

చివరికి మాంత్రికుడి దీవి వచ్చింది. మామిడిచెట్టు నిండా చిలకలే చిలకలు. వాటిల్లో ఒకదానిలో మాంత్రికుడి ప్రాణం ఉందని తాబేలవ్వ చెప్పింది, ఏదో మాత్రం దానికీ తెలీదు. చెట్టు కింద నోళ్ళు తెరుచుకుని రెండు రాతిబొమ్మలు. అయ్యో, అన్నలే! అరుగు మీద కువలయ కూర్చుని ఉంది. సుగాత్రుణ్ణి చూసి పెదాలు కదిపింది, పేరు గుర్తురాలేదు. అతని గుండె చెరువైపోయింది. అయినా పలకరించకుండా పొద చాటున నక్కాడు.

మధ్యాహ్నం ధూమ్రకేశుడు ఆ చెట్టు కిందే భోజనానికి కూర్చున్నాడు. ఎంత మాంత్రికుడైనా వాడు పుట్టి పెరిగింది చందనపురంలోనే. ఆ ఊరివాళ్ళు ఎవరి వల్ల బతుకుతున్నారో వాళ్ళకి తొలిముద్ద పెట్టందే తాము తినరు. రైతయితే ఎద్దుకి, బండి తోలేవాడైతే గుర్రానికి. ధూమ్రకేశుడు ముద్ద కలిపి, అన్ని చిలకల్లోనూ ఒక తోక తెగిన బక్కచిలకని వెతికి మరీ పెట్టాడు. "ఓహో, నువ్వా!" అనుకున్నాడు సుగాత్రుడు.

వాడు తిని కునుకు తీశాడు. సుగాత్రుడు తన మూటలోని అటుకులు అరచేతిలో పోసుకుని చెయ్యి చాపాడు. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాడు. చిలక అటు చూసి, ఇటు చూసి, వచ్చి చేతిమీద వాలింది.

"నీ అన్నలు నన్ను పట్టుకుందామని రా, రా అంటూ అరిచారు" అంది మెల్లగా. "ఇక్కడ ఆ మాటకి నిద్ర లే అని అర్థం. వాడు లేచి ఇద్దర్నీ రాళ్ళు చేసేశాడు."

ధూమ్రకేశుడు కళ్ళు తెరిచేసరికి చిలక మెడ సుగాత్రుడి వేళ్ళ మధ్య ఉంది.

"చంపకు బాబూ! ఏం కావాలన్నా ఇస్తా!"

"నా అన్నల్ని లేపు. కువలయ మాటలు కువలయకి ఇచ్చెయ్. మళ్ళీ మంత్రం జోలికి పోనని ఒట్టెయ్. చిలక మాత్రం నా దగ్గరే ఉంటుంది."

వాడు లబోదిబోమంటూ అన్నీ చేశాడు. అన్నలు ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. కువలయ నోరు తెరిచింది. ఆమె పలికిన మొట్టమొదటి మాట ఏంటో తెలుసా? "ఇంత ఆలస్యమా?"

సుగాత్రుడికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అప్పుడు మాటలు మొదలుపెట్టిన పిల్ల ఏడు సముద్రాలూ దాటేదాకా ఆపితే ఒట్టు. తాబేలవ్వ కూడా అబ్బబ్బ అంది. చందనపురంలో వాళ్ళ పెళ్ళి ఊరందరూ చెప్పుకునేంత బాగా జరిగింది. తల నెరిసేదాకా ఇద్దరూ చల్లగా రాజ్యమేలారు. ఆమె ఎంతసేపు మాట్లాడినా ఆయన కూర్చుని విన్నాడు, ఒక్కనాడూ విసుక్కోలేదు.