నాలుకతో పరీక్ష చేసిన ఎలుగుబంటి

నేను ఇదివరకు ఏమీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఇప్పుడు హైస్కూల్లో జీవశాస్త్రం ల్యాబు ఊడ్చి, గాజుసామాను కడుగుతాను. తప్పులుంటే పిల్లలే దిద్దుకుని చదువుకోండి.

ఉసిరికోన అనే అడవి ఒకటి ఉంది. అందులో దుప్పులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, ఒక ఎలుగుబంటి, ఒక ముసలి దేవాంగపిల్లి ఉండేవి. దేవాంగపిల్లి ఒళ్ళంతా కలిపితే పిడికెడు. కళ్ళు మాత్రం ఇంతింత.

చెట్ల గురించి చదువుకోవడానికి వచ్చిన పిల్లలెవరో ఒక భూతద్దం ఆ అడవిలో మరిచిపోయారు. దేవాంగపిల్లి దాన్ని తెచ్చి ఒక రాతిగుహలో ల్యాబు పెట్టింది. ఆకు ఈనెలు, చీమ కాళ్ళు, పువ్వుల పుప్పొడి అన్నీ అందులో చూపించి చదువు చెప్పేది. ఎవరొచ్చినా ముందు ఈ మాటలు చెప్పేది.

"ఇక్కడ ఏదీ తినకూడదు, తాగకూడదు. ఏ చిప్పలో ఏముందో గుర్తు పెట్టాలి. పోయేముందు బూడిదతో చేతులు తోముకోవాలి."

"మనకున్నవి కాళ్ళే కదా పెద్దమ్మా?" అని అడిగింది ముళ్ళపంది.

"అయితే నాలుగూ తోముకో," అంది దేవాంగపిల్లి.

ఆ ఏడు ఎండలకి వాగు ఎండిపోయింది. రాతిమడుగు, తామరమడుగు, ఈ రెండే మిగిలాయి. కొన్నాళ్ళకి దుప్పిపిల్లల ముక్కుల్లోంచి నెత్తురు కారడం మొదలైంది. ఏ మడుగు నీళ్ళ వల్లో తెలియలేదు. అందరూ రెండింటిలోనూ తాగారు మరి.

కుందేలమ్మకి నాలుగు కూనలు. భయపడి పొద్దుటినుంచి వాటికి చుక్క నీళ్ళు పట్టలేదు. రెండు మారేడు చిప్పల్లో రెండు మడుగుల నీళ్ళూ పట్టుకుని, కూనల్ని వెంటబెట్టుకుని గుహకి వచ్చింది. రాతిమడుగు చిప్పమీద ఒక గీత గీసింది. తామరమడుగు చిప్పమీద రెండు గీతలు గీసింది.

"పెద్దమ్మా, పిల్లలకి ఏ నీళ్ళు పట్టమంటావు?"

"ఉండమ్మా, అద్దం తుడిచి చూస్తాను."

అంతలో ఎలుగుబంటి వచ్చింది.

"నీళ్ళు చూడ్డానికి అద్దమెందుకత్తా? నా నాలుక లేదూ! కళ్ళు మూసుకుని తేనె నాకి, అది ఏ పువ్వు తేనో చెప్పేస్తాను."

"ల్యాబులో తాగకూడదు నాయనా."

"ఆ ముచ్చట్లు పిల్లకాయలకి చెప్పు."

ఒక చిప్పలో మూతి పెట్టి గటగటా తాగేసింది. రెండోదీ ఖాళీ చేసింది.

"రెండు గీతలది భలే తియ్యగా ఉంది. ఒక గీతది ఇనుపవాసన, థూ! చెల్లెమ్మా, పిల్లల్ని తామరమడుగుకి తీసుకుపో. నాది పూచీ!"

గుహ బయట కూనలు దాహం దాహం అని ఏడుస్తున్నాయి. కుందేలమ్మ రెండడుగులు వేసి ఆగింది.

"అన్నయ్యా, రుచి చెప్పావు బాగానే ఉంది. రోగం సంగతి చెప్పలేదే?"

ఎలుగుబంటి ఏదో అనబోయి తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. దాని ముక్కులోంచి నల్లటి దారం లాంటిది బయటికి తొంగిచూసి, మళ్ళీ లోపలికి పోయింది.

"అత్తా! నా ముక్కులో ఎవరో ఉన్నారు!"

"జలగపిల్ల," అంది దేవాంగపిల్లి. "దుప్పిపిల్లల ముక్కుల్లోనూ ఇదే అయ్యుంటుంది. ఏ చిప్పలోది?"

"రెండూ తాగాను కదా, నాకేం తెలుసు? ముందు తియ్యవే తల్లీ!"

"చూశావా! రోగం దొరికింది, చోటు దొరకలేదు. నువ్వు కడుపులో పోసుకున్నది నేను అద్దంలో ఎలా చూసేది?"

 కుందేలమ్మ చిప్పలు బూడిదతో తోముకుంది. ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో మళ్ళీ రెండు మడుగులకీ పరుగెత్తింది.

ఈలోగా దేవాంగపిల్లి ఉప్పుమట్టి పొడిచేసి, ఒక వెదురుగొట్టంలో పోసి, ఎలుగుబంటి ముక్కులోకి ఉఫ్ మని ఊదింది. ఎలుగుబంటి తుమ్మిన తుమ్ముకి ముళ్ళపంది ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. ఒకటి కాదు, మూడు జలగపిల్లలు కిందపడ్డాయి.

కుందేలమ్మ రొప్పుతూ వచ్చింది. ఈసారి ఎవరూ చిప్పల దగ్గరికి రాలేదు. దేవాంగపిల్లి భూతద్దం పట్టుకుని ఒక గీత చిప్పలో చాలాసేపు చూసింది. ఇసుక తప్ప ఏమీ లేదు. రెండు గీతల చిప్పలో సన్నటి దారాలు మెలికలు తిరుగుతున్నాయి.

"తియ్యటి నీళ్ళలోనే ఉన్నాయమ్మా. పిల్లల్ని రాతిమడుగుకి తీసుకుపో."

"ఇనుపవాసనొస్తోందే అమ్మా," అంటూనే కూనలు నాలుగూ పొట్టలు ఉబ్బేదాకా తాగాయి. ఆ సాయంత్రానికి దుప్పిపిల్లల ముక్కుల్లోనూ ఉప్పుమట్టి ఊదారు. తామరమడుగు దారికి ముళ్ళకంప అడ్డం వేశారు.

ఎలుగుబంటి ముక్కు మాత్రం బూరెలా వాచింది. నెలరోజులు దానికి ఏ వాసనా తెలియలేదు. తేనెపట్టు అనుకుని కందిరీగల గూట్లో మూతి పెట్టింది. అప్పుడు మూతి కూడా వాచింది.

నీతి: పరీక్షకి తెచ్చినదాన్ని నోట్లో పెట్టుకుంటే నిజమూ తెలియదు, ఒళ్ళూ పాడవుతుంది. పద్ధతిగా చూసినవాళ్ళే పదిమందినీ కాపాడతారు.

కథ రాసిన మర్నాడు పొద్దున ఆ కాగితం సైన్సు మేడంగారి చేతికి ఇద్దామని వెళ్ళాను. సిగ్గేసింది. ల్యాబులో చేతులు కడుక్కునే తొట్టి దగ్గర కొత్త సబ్బు పెట్టి, ఆ సబ్బుపెట్టె కింద దాన్ని మడిచిపెట్టి, నా పనికి నేను వెళ్ళిపోయాను.