మాబున్ని చేసిన రెండో బ్రెడ్డు

మాబున్ని తన బిడ్డను నిద్రపోనిచ్చేది కాదు.

పాప కళ్లు మూసిన కాసేపటికే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఊపిరి వెచ్చగా తగిలినా నమ్మకం కుదిరేది కాదు. అరికాలు గిల్లేది. పాప కెవ్వుమనేది. ఆ ఏడుపు విన్నాకే మాబున్ని గుండె కాస్త కుదుటపడేది. మళ్లీ జోకొట్టేది, మళ్లీ వేలు పెట్టేది.

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మొదటి బిడ్డ మగపిల్లవాడు, రెండు నెలలవాడు. ఒక మధ్యాహ్నం వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, అన్నం వార్చి వచ్చేసరికి చల్లబడిపోయి ఉన్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. ఎందుకు పోయాడో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు.

ఈ ఆడపిల్లకు ఇప్పుడు ఐదు నెలలు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, బిడ్డకు ఏ జబ్బూ లేదు, నిద్ర చాలక చిక్కిపోతోంది, పడుకోనివ్వండి అన్నాడు. మాబున్ని బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, ఆ మధ్యాహ్నమే పదకొండుసార్లు లేపింది.

భర్త బాబావలి మంచివాడే. భార్య పొయ్యి దగ్గరికి పోవడం మానేస్తే ఐదు నెలలుగా అతనే వండుతున్నాడు. దిగులుతో ఆమెకు పాలు కూడా ఎండిపోతే డబ్బా పాలు కలపడం నేర్చుకున్నాడు. కానీ రోజురోజుకీ పీలగా అవుతున్న బిడ్డను చూసి ఇక తట్టుకోలేకపోయాడు. ఆదివారం రెండు గంటల బస్సుకు పాపను జమ్మలమడుగులో తన తల్లి దగ్గరికి తీసుకుపోతానని, మాబున్ని మనసు నెమ్మదించాక తెస్తానని చెప్పేశాడు.

ఆ ఆదివారం పొద్దెక్కాక మాబున్ని బిడ్డను చంకనేసుకుని దర్గా వెనక ఉండే హుస్సేనమ్మ ఇంటికి పరుగెత్తింది.

ఊరంతా అవ్వ అని పిలిచే ఈ హుస్సేనమ్మ ముప్పై ఏళ్లు ఒక మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఇంట్లో వంట చేసింది. మొగుడు పోయాక ఒక సూఫీ పీరు దగ్గర ఉపదేశం తీసుకుంది. గురువారం గురువారం నలుగురైదుగురు ఆడవాళ్లు ఆమె దగ్గర కూర్చుని అల్లా పేరు తలుచుకుంటారు. మాబున్ని పన్నెండో ఏట నుంచీ వాళ్లలో ఒకతె. మాబున్ని కొడుకుకు ఆఖరి స్నానం చేయించింది కూడా ఈ అవ్వే.

ఈమె తాయెత్తులు కట్టదని, మంత్రించిన నీళ్లు ఇవ్వదని ఊళ్లో కొందరికి గుర్రు. గురువారం ఫాతిహా చదివి పంచగా మిగిలిన అరటిపళ్లు ఆదివారానికి నల్లబడతాయి. వాటిని పారెయ్యడం ఆమెకు ఇష్టం ఉండదు. డాక్టరమ్మ ఇంట్లో నేర్చుకున్నట్టు వాటితో బ్రెడ్డు చేసి దర్గా మెట్ల మీద కూర్చున్నవాళ్లకు పంచుతుంది. ఆమె దగ్గరికి వెళ్లినవాడికి దొరికేది అదొక్కటే.

మాబున్ని ఏడుస్తూ అంతా చెప్పుకుంది. భయం పోయేలా ఏదైనా చెయ్యమంది, బిడ్డను తన దగ్గర నుంచి తీసుకుపోకుండా చూడమంది. అవ్వ అంతా విని, బ్రెడ్డుకు పిండి కలపమంది, పొయ్యి వెలిగించమంది.

పొయ్యి పేరు వింటేనే మాబున్నికి చెమటలు పట్టాయి. అయినా గురువు మాట కాదనలేదు. పాపను అవ్వ ఒడిలో పెట్టి, చెప్పినట్టల్లా చేసింది. అడుగున ఇసుక పోసిన పెద్ద దేగిసా గిన్నెను గ్యాస్ పొయ్యి మీద వేడి చేసి, పిండి పోసిన డబ్బాను అందులో దించి మూత పెట్టింది. తాను చెప్పేదాకా మూత తియ్యొద్దని అవ్వ మరీ మరీ చెప్పింది.

మాబున్ని నాలుగుసార్లు తీసింది. అవ్వ ఇటు తిరిగితే ఒకసారి, అటు తిరిగితే ఒకసారి.

బ్రెడ్డు నడుమ గుంట పడిపోయి వచ్చింది. కోస్తే లోపల పచ్చిపిండి. ఏమవుతుందో తెలియక చూశానని, మాడిపోతుందేమోనని భయమేసిందని మాబున్ని తలదించుకుని చెప్పింది. కాలిన అంచులు అవ్వ తాను తిని, నడిమిది కోళ్లకు వేసింది.

తర్వాత లేచి, దూలానికి చీర ఉయ్యాల కట్టింది. జోగుతున్న పాపను అందులో వేసి నాలుగూపులు ఊపింది. చీర రెండు అంచులూ దగ్గరికొచ్చి బిడ్డ మొహం కనిపించకుండా పోయింది.

రెండో బ్రెడ్డుకు మాబున్ని నాలుగు నల్లపళ్లు మెదిపి, బెల్లప్పొడి, రెండు గుడ్లు, నూనె కలిపింది. సోడా వేసిన పిండి అందులో పోసి గిరగిరా తిప్పుతుంటే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఎక్కువ కలిపితే గట్టిపడుతుందట. డబ్బా దేగిసాలోకి దిగింది, మూత పడింది.

అప్పుడు అవ్వ ఒక పెద్ద బేసిన్ తెచ్చి ముందు పెట్టింది. అందులో ఒలిచిన పళ్లు రెండు డజన్లకు పైనే ఉన్నాయి.

"ఇంకా చానా బ్రెడ్లు చెయ్యాల. చేత్తోనే పిసుకు. ఒక్క ఉండ కూడా మిగలగూడదు."

మాబున్ని చేతులు ముంచింది. మోచేతుల దాకా గుజ్జు అయింది. ఆ చేతులతో ఇక మూత తియ్యడానికీ లేదు, ఉయ్యాల ముట్టుకోవడానికీ లేదు.

పాప ఒకసారి మూలిగింది. తర్వాత ఏమీ లేదు.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. పొయ్యి మంట సన్నగా బుసబుసమంటోంది. ఆ రోజు కూడా ఇంతే. ఆ రోజు కూడా పొయ్యి వెలుగుతోంది, బిడ్డ పడుకుంది, ఇల్లు ఇలాగే ఉంది. ఆ రోజు తాను అన్నం వారుస్తూ ఏదో పాట కూడా పాడుకుంది. మాబున్నికి అది గుర్తొచ్చి చూపు ఉయ్యాల మీదికి పోయింది. ఉయ్యాల కదలడం లేదు. ఇంతసేపు ఏ పసిబిడ్డా కదలకుండా ఉండదు. ఉండదు. ఇంకో క్షణం అయితే ఆ గుజ్జు చేతులతోనే ఉయ్యాల మీద పడేది.

అవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంది. తన చేతులు కూడా బేసిన్‌లో ముంచింది. గుజ్జు అడుగున మాబున్ని చేతిని వెతికి పట్టుకుంది.

చెయ్యి వణుకుతోంది. మాబున్ని తన పిడికిలి బిగించి వణుకు ఆపుకుంది. అయినా ఆగలేదు. అప్పుడు తెలిసింది ఆమెకు, ఆ వణుకు అవ్వ చేతిది.

"నీకూ భయంగా ఉందా అవ్వా?"

"ఊ."

"అయితే నువ్వన్నా పోయి చూడు."

"చూడను" అంది అవ్వ. "పిసుకు. నీ దిక్కు ఇంకా ఉండలున్నాయి."

మాబున్ని పిసికింది. కళ్ల నుంచి నీళ్లు కారి బేసిన్‌లో పడుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేదు. అవ్వా పిసికింది. ఇద్దరూ ఉయ్యాల వైపు చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డారో వాళ్లకే తెలియాలి.

అంతలో బాబావలి సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. పొయ్యి దగ్గర భార్యను చూశాడు, కదలని ఉయ్యాలను చూశాడు. అతని మొహం పాలిపోయింది. ఏదో అనబోతే అవ్వ తల అడ్డంగా ఊపింది. అతను చెప్పులు విడిచి, సంచి ఒడిలో పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయాడు. ఇప్పుడు భయపడేవాళ్లు ముగ్గురయ్యారు.

రెండు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అతను లేవలేదు.

మొదట వాసన వచ్చింది. బెల్లం, అరటిపండు కలిసి కాలే తియ్యటి వాసన మెల్లగా ఇల్లంతా నిండింది. అవ్వ మోచేత్తో పొయ్యి కట్టేసింది. మూత మాత్రం తియ్యలేదు.

ఆ తర్వాత ఇంకా చాలాసేపటికి ఉయ్యాలలో చీర కదిలింది. ఒక కాలు తన్నినట్టయింది. ఆవలింత. ఎవరూ గిల్లకుండానే, ఏడుపు లేకుండానే, ఊఁ ఊఁ అని ఒక చిన్న కూత.

బాబావలి సంచిలో మొహం దాచుకున్నాడు. మాబున్ని లేవలేదు. ఆ కూత ఎవరిదో తెలియనట్టు వింటూ కూర్చుంది.

"చేతులు కడుక్కో మే" అంది అవ్వ. "బిడ్డ పిలుస్తాంది."