కడిగిన కాళ్ల గుడి

నాగావళి గట్టు మీద, పట్నం ముగిసి ఇసుక మొదలయ్యే చోట తెల్లరాయిపేట ఉంది. పేటకు తూర్పు కొసన పెంకుల కప్పుతో, సున్నపు గోడలతో ఒక చిన్న క్రైస్తవ దేవాలయం కనిపిస్తుంది. దానికి ఎత్తయిన శిఖరం లేదు. గంట ఉంది కానీ, దాని మోత పేట దాటి పోదు. అయినా ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు ఆదివారాల్లో ఎక్కడెక్కడి నుంచో జనం ఇక్కడికి వస్తారు.

కొత్తగా వచ్చినవారు అలవాటు కొద్దీ గుమ్మం పక్కనున్న రాతి తొట్టి దగ్గరకు వెళ్లి, చెంబు ముంచుకోబోతారు. వెంటనే ఎవరో ఒకరు వచ్చి ఆ చెంబు అందుకుంటారు. "ఇక్కడ ఎవరి కాళ్లు వాళ్లు కడుక్కోకూడదండీ, కూర్చోండి" అంటారు. కడిగే మనిషి ఎవరో, ఏ కులమో, ఏ పని చేస్తారో అడగకూడదు. కూర్చుని కాళ్లు చాపాలి. అంతే. ఇష్టం లేనివారు వెనక్కి వెళ్లవచ్చు. వెళ్లినవారూ ఉన్నారు.

ఈ ఆచారం ఎలా వచ్చిందో పేటలో పెద్దలు చెప్పే కథ ఇది.

పూర్వం ఇక్కడ గుడి కంటే ముందు తొట్టి వచ్చింది. బర్నబా అనే రాళ్లు కొట్టే మనిషి ఊరి నూతిలో చేద వేశాడని ఊరివాళ్లు అతని కుడి చెయ్యి విరగ్గొట్టారు. దాహంతో ఉన్న కూతురు కోసం వేశాడు చేద. ఎముక వంకరగానే అతుక్కుంది. ఆ వంకర చేత్తోనే అతను కొండరాయి తెచ్చి, తొలిచి, తొట్టి చేశాడు. ఏటి నీళ్లు మోసి నింపాడు. "ఇవి మన నీళ్లు. వీటిని ముట్టొద్దనే మొనగాడు ఇంకా పుట్టలేదు" అన్నాడు. పేట వాళ్లంతా ఆ తొట్టి పక్కనే గుడి కట్టుకున్నారు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాలనే నియమం పెట్టుకున్నారు. తమ నీళ్లతో తమ కాళ్లు కడుక్కోవడం వాళ్లకు మామూలు సంగతి కాదు. అది గెలుపు.

ఆ దాహం వేసిన కూతురి పేరు తబిత. పెద్దయ్యాక అందరూ తబితమ్మ అనేవారు. తండ్రి పోయాక తొట్టి నింపే పని ఆమె మీద పడింది. ఎవరూ పెట్టలేదు, తనే నెత్తిన వేసుకుంది. తెల్లారేసరికి ఏట్లోంచి బిందెలు మోసేది. తొట్టి లోపలి పాచిని కొబ్బరి పీచుతో రుద్దేది. చిన్నతనంలో పట్నపు అరుగుల ముందు దోసిలి పట్టి నిలబడితే, ఇల్లాళ్లు పైనుంచి నీళ్లు వదిలేవారు. "దూరంగా నిలబడు, చెంబు ముట్టకు" అనేవారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమె తొట్టిని ఇంకాస్త గట్టిగా రుద్దేది.

పట్నం మరుగుదొడ్లు ఎత్తే కుటుంబాలు పేటకు అవతల, ఏటి వంపులో ఉండేవి. ఆ వీధిని ఆ రోజుల్లో ఏ పేరుతో పిలిచేవారో ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు చచ్చిపోవడమే మంచిది. ఆ వీధిలో గురువులు అనే మనిషి, అతని భార్య ఎర్రమ్మ ఒక బోధకుడి మాట విని ఏట్లో బాప్తిస్మం పుచ్చుకున్నారు. మరుసటి ఆదివారం గుడికి వచ్చారు. ఎవరూ వాళ్లను వెళ్లిపొమ్మనలేదు. "కాళ్లు కడుక్కుని రండి" అన్నారు. గురువులు చెంబు మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు, చెంబు ముట్టకు" అంది తబితమ్మ.

ఆ మాట తన నోట వచ్చినందుకు ఆమెకు ఆ రోజు ఏమీ అనిపించలేదు. తండ్రి తొట్టి, తండ్రి నీళ్లు, మైల పడకూడదు. అంతే అనుకుంది.

పై వారం గురువులు ఏట్లో కాళ్లు కడుక్కుని వచ్చాడు. గట్టు ఎక్కేసరికి మట్టి అంటింది. "మట్టి కాళ్లతో లోపలికా?" అన్నారు. తొట్టి ముట్టకూడదు, తొట్టి నీళ్లు లేకుండా లోపలికి రాకూడదు. వద్దన్న పాపం ఎవరికీ అంటకుండా వద్దనడం అంటే ఇదే. తమను ఊరివాళ్లు కొట్టిన దెబ్బనే పేట వాళ్లు ఇంకొకరిని కొట్టారు. చేతిలో కర్ర లేదు గనుక అది దెబ్బ అని వాళ్లకు తోచలేదు.

గురువులు మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. లోపల పాట మొదలైతే బయట గొంతు కలిపేవాడు. తబితమ్మ బిందెతో అటు వెళ్తే నవ్వేవాడు.

"అమ్మా, నా కాళ్లకి రెక్కలు మొలిస్తే గానీ మీ గుమ్మం ఎక్కలేవు. మొలిసినాయేమో సూడమ్మా ఓపాలి!"

"నోరు మూసుకుని కూచో" అనేది ఆమె.

"నోరు మూస్తే పాటెలా పాడతానమ్మా?"

అలా ఏళ్లు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం తబితమ్మ తొట్టి నింపి, దానికే వీపు ఆనించి కునుకు తీసింది. కలలో ఎవరో వచ్చి "నీళ్లు పొయ్యి తల్లీ" అన్నారు. ఆమె కళ్లకు ముందు పాదాలు కనిపించాయి. మోకాళ్ల దాకా మురుగు. "దూరంగా నిలబడు, చెంబు ముట్టకు" అంది. ఆ మనిషి మాట విని దూరం జరిగి, దోసిలి పట్టాడు. ఆమె పైనుంచి నీళ్లు వదిలింది. దోసిట్లో చుక్క కూడా నిలవలేదు. ఇంకో చెంబు పోసింది. అదీ పోయింది.

"చేతులు సరిగ్గా పట్టవయ్యా! ఎంత దూరం నుంచి మోసుకొచ్చానో తెలుసా? నీళ్లన్నీ కారిపోతున్నాయి" అని కసిరింది.

"నేనేం చెయ్యను తల్లీ" అన్నాడాయన. దోసిలి విప్పి చూపించాడు. అరచేతుల్లో మేకులు దిగిన చిల్లులు ఉన్నాయి.

తబితమ్మ ఉలిక్కిపడి లేచింది. చీర తడిసి ఉంది. తొట్టి చెమ్మ అనుకుంది. ఎవరితోనూ చెప్పలేదు. కానీ ఆ రోజు ఆమెకు అన్నం దిగలేదు.

అదే మధ్యాహ్నం పట్నంలో ఒక పెద్ద ఇంటి వెనక మురుగు గొయ్యి శుభ్రం చెయ్యడానికి దిగిన గురువులు పైకి రాలేదు. తోటివాళ్లు తాళ్లు వేసి శవాన్ని లాగారు. అతన్ని గొయ్యిలోకి దించిన ఇంటివాళ్లు తలుపులు వేసుకున్నారు.

ఆదివారం పొద్దున పేట వాళ్లు ఒక్కొక్కరే గుడికి చేరుతున్నారు. ఇంకా ఎవరూ కాళ్లు కడుక్కోలేదు. అప్పుడు ఏటి వంపు వైపు నుంచి పాడె వచ్చింది. తోటి పనివాళ్లు మోస్తున్నారు. ముందు ఎర్రమ్మ నడుస్తోంది. గుమ్మం ముందు పాడె దించి, ఆమె సంఘ పెద్ద గమలీయేలుకు దండం పెట్టింది.

"బాబూ, బతికున్నన్నాళ్లూ కిటికీ కిందే కూకున్నాడు. ఓపాలి లోపలెట్టి, రెండు మాటలు సదివి పంపండి. ఇంకేటీ అడగను."

గమలీయేలు చెడ్డవాడు కాదు. చెయ్యి విరిగిన బర్నబాను ఆ రోజు భుజాన వేసుకుని ఇంటికి చేర్చినవాడు ఆయనే. కానీ నియమం ఆయనకు ప్రాణం. మోసినవాళ్ల కాళ్ల వైపు చూశాడు. దారి పొడుగునా తొక్కిన బురద వాళ్ల మడమల మీద ఉంది.

"మేము వద్దన్నామా ఎర్రమ్మా? కాళ్లు కడుక్కుని రమ్మను. ఎవరికైనా ఇక్కడ ఒకటే నియమం."

"ఏటెట్టి కడుక్కోమంటారు బాబూ? సెంబు ముట్టనివ్వరు గదా!"

ఎండ ఎక్కుతోంది. పాడె మీద ఈగలు ముసురుతున్నాయి. ఎర్రమ్మ చీర చెంగుతో తోలుతోంది.

తబితమ్మ తొట్టి దగ్గర నిలబడి ఉంది. ఆమె చూపు గురువులు పాదాల మీద పడింది. మడతల్లో ఇంకా మురుగు ఉంది. నిన్న కలలో చూసిన పాదాలు ఇవే. ఆమె చెంబు నిండా నీళ్లు ముంచింది. పైనుంచి పొయ్యలేదు. పాడె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ పాదాలను చేతుల్లోకి తీసుకుని, వేలు వేలూ విడదీసి కడిగింది. తన పైటతో తుడిచింది.

"తబితా!" అన్నాడు గమలీయేలు. "ఆ చెంబు మళ్లీ తొట్లో ముంచావంటే ఆ నీళ్లు మాకు పనికిరావు."

"చిన్నాన్నా, ఇంకా చాలామంది కాళ్లున్నాయి" అంది ఆమె. చెంబు మళ్లీ ముంచింది.

"మీ నాన్న చెయ్యి పోగొట్టుకుని చేసిన తొట్టి అది!"

"అందుకే ముంచుతున్నాను. ఆయన చెయ్యి విరగ్గొట్టినవాళ్ల మాట ఇన్నాళ్లూ నా నోట్లో ఉంది. ఇవాళ ఉమ్మేస్తున్నాను."

తబితమ్మ ఎర్రమ్మ కాళ్లు కడిగింది. మోసినవాళ్ల కాళ్లు కడిగింది. అందులో ఒకడు సిగ్గుపడి కాలు లాక్కుంటే, "ఉండరా, చక్కిలిగింతా?" అని గదిమింది. ఏడుస్తున్నవాడికి నవ్వు వచ్చింది. వాళ్లు పాడె ఎత్తుకుని లోపలికి నడిచారు. ఎవరు ఆపగలరు? కాళ్లు కడుక్కునే వెళ్లారు.

అప్పుడు పేట వాళ్లకు తమ పరిస్థితి అర్థమైంది. ఆ నీళ్లు పనికిరావని పెద్ద అందరి ముందూ అన్నాడు. ఏట్లో కడుక్కుందామంటే గట్టు ఎక్కేసరికి మట్టి అంటుతుంది. కాళ్లు కడగనివాళ్లు లోపలికి పోకూడదు. నియమం పెట్టింది వాళ్లే. కనుక గుడి కట్టినవాళ్లందరూ ఎండలో నిలబడ్డారు. గురువులు లోపల, బలిపీఠం ముందు, చల్లగా పడుకున్నాడు.

లోపలివాళ్లకు చదువు రాదు. వేదపుస్తకం బల్ల మీద ఉంది, తెరిచేవారు లేరు. కాసేపటికి ఎర్రమ్మ బయటికి వచ్చింది. తబితమ్మ చేతిలోంచి చెంబు అడిగి తీసుకుంది. నీళ్లు ముంచుకుని గమలీయేలు ముందు కూర్చుంది.

"కాళ్లు సాపండి బాబూ."

ఆయన వెనక్కి జరిగాడు. "నువ్వు పొయ్యి, నేను కడుక్కుంటాను."

"నానే కడుగుతాను. మా ఆయన ఎదురు సూస్తన్నాడు. ఆ మనిసికి ఎదురు సూడ్డం అలవాటే గానీ, ఎండ ఎక్కిపోతే నిలవలేడు బాబూ."

పేట పేటంతా చూస్తోంది. ఇక్కడే అసలు సంగతి ఉంది. నీళ్లు పొయ్యడం కష్టం కాదు. ఎత్తున నిలబడి ఎంతమందికైనా పొయ్యవచ్చు, పోసి దయగలవాడు అనిపించుకోవచ్చు. ముట్టకూడదని తాను అన్న చేతుల్లో తన పాదం పెట్టాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎవరికి సాటి అని నిజంగా నమ్ముతున్నారో. గమలీయేలు గుమ్మంలోంచి పాడె వైపు చూశాడు. తర్వాత ఆ ముసలాయన గుమ్మం మెట్టు మీద కూలబడి, కాళ్లు చాపాడు. ఎర్రమ్మ కడుగుతుంటే తల వంచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడవకండి బాబూ, మీ కాళ్లకి పెద్ద మురికేం లేదు" అంది ఆమె.

ఆయన లేచి చెంబు అందుకున్నాడు. తబితమ్మను మెట్టు మీద కూర్చోబెట్టి ఆమె కాళ్లు కడిగాడు. ఆమె లేచి వెనకున్నవాళ్ల కాళ్లు కడిగింది. అలా చేతులు మారుతూ పేట అంతా లోపలికి వెళ్లింది. గురువులును బర్నబా సమాధి పక్కనే పూడ్చారు. ఆ రోజు నుంచి ఇక్కడ ఎవరి కాళ్లు వాళ్లు కడుక్కోలేదు.

ఇక్కడ మొక్కు తీర్చుకునే పద్ధతి కూడా వేరు. కొవ్వొత్తులు, కానుకలు అడగరు. మొక్కుకున్నవారు తాము ఎన్నడూ గడప తొక్కని ఇంటికి వెళ్లి, ఆ ఇంటి కంచంలో, ఆ ఇంటివాళ్లు వడ్డించిన అన్నం తినాలి. చెత్తబండి లాగే మనిషికి ఇంట్లో వేరే గ్లాసు పెట్టుకుని, ఇక్కడికి వచ్చి కాళ్లు కడిగించుకుంటే ఏ ఫలమూ లేదు. అది ఉత్త స్నానం. మాటలు మానుకున్న అన్నదమ్ములు ఇక్కడ కలిశారని, బిడ్డను వెలివేసిన తల్లిదండ్రులు ఇక్కడి నుంచే వెళ్లి ఆ బిడ్డను ఇంటికి తెచ్చుకున్నారని చెప్పుకుంటారు. రోగాలు నయమవుతాయా అంటే పేట వాళ్లు నవ్వి, "ఒక రోగం తప్పకుండా నయమవుతుంది, ఒళ్లు వంగకపోవడం" అంటారు.

ఆరాధన మొదలయ్యే ముందు సంఘ పెద్ద గుమ్మంలో నిలబడి, "బయట ఎవరైనా ఉండిపోయారా?" అని కేకవేస్తారు. ఉంటే గంట కొట్టరు. కిందటి ఏడు కుష్ఠురోగంతో పాదాలకు వేళ్లు పోయిన ఒక పెద్దాయన రోడ్డు పక్కనే ఆగిపోయాడు. ఎంత పిలిచినా రాలేదు.

"నా కాళ్లు చూస్తే మీకు అన్నం సయించదు. నన్నొదిలెయ్యండి" అన్నాడు.

"అన్నం ఇంకా ఉడకలేదులే అన్నా, తీరిగ్గా రా" అంది చెంబు పట్టుకుని నిలబడ్డ ఒక ముసలామె. లోపలున్నవారంతా బయటికి వచ్చి ఆయన చుట్టూ ఇసుకలో కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. చివరికి ఆయన మెల్లగా కాళ్లు చాపాడు. ఆ తర్వాతే గంట మోగింది.

ఈ చోటికి నడిచి వచ్చిన మీ పాదాలకు, మీ ఇంటికి, మీ పిల్లలకు ప్రభువు శాంతి కలుగుగాక. లోపలికి వెళ్లే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఎవరైనా సందేహిస్తూ ఆగిపోయి ఉంటే, గుమ్మం దగ్గర మీ చేతికిచ్చిన ఈ చిన్న పుస్తకం మూసేసి ముందు వాళ్ల దగ్గరకు వెళ్లండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.